నాలుగువందల పన్నెండు

ఎన్నికలొచ్చినప్పుడల్లా, పోలింగు జరిగే ప్రార్థనమందిరం గుమ్మం పక్కన ఈనిడ్ మడతకుర్చీ వేసుకు కూర్చుంటుంది. కోటుకి పార్టీ గుర్తుగా ఎర్రరిబ్బను పువ్వు, ఒళ్లో కాగితం పెట్టిన అట్ట. ఓటేసి వచ్చినవాళ్లు జాబితాలో తమ నంబరు చెబితే రాసుకుని, "ప్రభువు చల్లగా చూడాలి" అంటుంది. ఇంకా ఓటెయ్యనివాళ్లెవరో పార్టీకి అలా తెలుస్తుంది. గుమ్మానికి అటుపక్క ఎదుటిపార్టీ నీలిపువ్వుతో మరిది క్లెమెంట్. "ఈసారీ ఓడేవాళ్ల పక్కనేనా వదినా?" అంటూనే ఫ్లాస్కులో టీ ముందు ఆమెకే పోస్తాడు. ఎవరి పార్టీ మనిషికి వాళ్లు నంబరు చెప్పడం అక్కడి అలవాటు. ఆమె భర్త విల్‌ఫ్రెడ్ నలభై ఏళ్లూ ఆమెను దాటుకుని తమ్ముడికే చెప్పాడు. పోయిన నెల ఆసుపత్రి మంచమ్మీద మాత్రం, "ఈసారి నీవైపేనే" అన్నాడు. ఆ వారమే పోయాడు. మనసారా అన్నాడో, తనను ఊరడించడానికన్నాడో ఆమెకు తేలలేదు.

ఈసారి ఎన్నికల రోజున వాన. తలొంచుకుని రాసుకుంటుంటే చెవి దగ్గర ఎవరో మెల్లగా, "నాలుగువందల పన్నెండు" అన్నారు. అలవాటుగా రాసి, "ప్రభువు చల్లగా..." అంటూ తలెత్తింది. ఎవరూ లేరు. తడి అడుగుల జాడైనా లేదు. అది విల్‌ఫ్రెడ్ నంబరు. జాబితాలోంచి ఇంకా కొట్టెయ్యలేదు.

"క్లెమెంటూ, నీ కాగితంలో నాలుగువందల పన్నెండు ఉందా?"

అతను వేలితో వరసంతా వెతికాడు. "లేదొదినా." కాగితం పక్కన పెట్టాడు. "గొంతు నాకూ వినబడింది. మొండివాడు, నావైపు చూడనైనా లేదు."

ఈనిడ్ ఆ అంకె తడవకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.