నొక్కి తిప్పే మూత

మా స్లివెన్ ఊళ్లో గాలికి తప్ప దేనికీ తొందర ఉండదు. ఆ గాలిని కూడా నమ్మక, బాల్కనీ కిటికీకి రెండు గడియలు పెట్టించుకున్న మనిషి స్విలెన్. ఐదో అంతస్తులో నా ఎదురింటివాడు. పైన కరెంటు తీగలు పట్టుకుని నడిచే ట్రాలీబస్సు నడుపుతాడు. ముప్పైనాలుగేళ్లకే ముసలివాళ్లను మించిన చాదస్తం. పనికి బయలుదేరి మూడో అంతస్తు దాకా దిగాక, పొయ్యి ఆపానో లేదో అని మళ్లీ పైకి వచ్చేవాడు. నేను తలుపు సందులోంచి చూసి నవ్వుకునేదాన్ని. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నా పేరు దోనా. ఉన్ని మిల్లులో రంగుల తొట్ల దగ్గర ముప్పైఒక్క ఏళ్లు పనిచేసి, వంకర్లు పోయిన వేళ్లతో ఇంట్లో కూర్చున్నదాన్ని. భర్త పోయాడు, పిల్లలు లేరు. స్విలెన్ పిల్లలే నా పిల్లలు. మూడున్నరేళ్ల నెవెనా, పది నెలల రాడో. వాళ్లది ఒకటే గది, ఒకటే వంటిల్లు. రాడో ఉయ్యాల కదిలితే భోజనాల బల్ల కూడా కదిలేంత ఇల్లు.

స్విలెన్ పదహారో ఏట సిగరెట్టు పట్టాడు. నెవెనా పుట్టాక మూడుసార్లు మానేశాడు, మూడుసార్లూ మళ్లీ అంటించాడు. నాలుగోసారి ఎలక్ట్రానిక్ సిగరెట్టు కొనుక్కున్నాడు. అందులో పోసే ద్రవం కొట్లో కొంటే దగ్గు వస్తోందని ఇంట్లోనే కలుపుకోవడం మొదలుపెట్టాడు. గ్లిజరిన్, కాస్త పీచ్ పండు వాసన, కొలిచిన నికోటిన్. ఆ నికోటిన్ రెండు గుక్కలు పసిపిల్ల కడుపులోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఆ సంగతి మా అందరికంటే స్విలెన్‌కే బాగా తెలుసు. అది తెలిసినప్పటి నుంచీ వాడికి నిద్ర సరిగా పట్టలేదు.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి భార్య స్నెజానా పిల్లలిద్దర్నీ తీసుకుని పుట్టింటికి వెళ్లేది. అప్పుడే కలిపేవాడు. బీరువా మీద ఇనప పెట్టె, దానికి తాళం, ఆ తాళంచెవి మెళ్లో శిలువ వేలాడే దారానికే. బల్ల మీద పాత పేపర్లు పరిచి, చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని, చిన్న కాటా మీద చుక్క చుక్క తూచేవాడు. అయిపోయాక బల్ల మూడుసార్లు తుడిచి, ఆ తుడిచిన గుడ్డనీ తొడుగుల్నీ సంచిలో కట్టి, అప్పటికప్పుడు కిందికి తీసుకెళ్లి పారేసేవాడు. ప్రతి సీసా మీదా ఎర్ర సిరాతో పుర్రె బొమ్మ వేసేవాడు. ఫ్రిజ్ మీద తన చేత్తో రాసిన కాగితం ఒకటి ఉండేది: 112కి ఫోన్ చెయ్యి. వాంతి చేయించకు. ఏమీ పట్టించకు. సీసా వెంట తీసుకెళ్లు.

దాన్ని చూసి అపార్ట్‌మెంటంతా వేళాకోళం. మూడో అంతస్తు గాంచో మెట్ల మీద ఎదురైతే చాలు మొదలెట్టేవాడు.

"ఏరా స్విలెన్, ఈ వారం బాంబు ఎప్పుడు పేలుస్తున్నావు? ముందే చెబితే నా కారు అవతల పెట్టుకుంటాను."

"నీ డొక్కు కారు పేలితే ఈ వీధివాళ్లు నాకు సన్మానం చేస్తారు గాంచో."

నేనూ తక్కువ తినలేదు. "అంత భయమైతే పూర్తిగా మానెయ్యరాదురా?" అన్నానొకసారి.

"మానాలనే కదా పిన్నీ ఈ తంటాలన్నీ. నెలనెలా కాస్త కాస్త తగ్గిస్తున్నా. నెవెనా బళ్లో చేరేసరికి అందులో ఒట్టి గ్లిజరినే ఉంటుంది, చూస్తూ ఉండు."

అలాంటి మనిషి ఇంట్లో ఇలా జరిగింది.

మొన్న, ఈస్టరుకి వారం ముందు, పువ్వుల ఆదివారం వచ్చింది. పువ్వు పేరున్న ప్రతివాళ్లకీ ఆ రోజు పేరు పండుగ. నెవెనా అన్నదీ ఒక పసుప్పచ్చ పువ్వు పేరే. పేరు పండుగకి మేము ఎవరినీ పిలవం. పిలవకుండానే వస్తారు, వచ్చినవాళ్లను కూర్చోబెట్టి పెట్టాలి. అందుకని ఆ ఆదివారం స్నెజానా పుట్టింటికి వెళ్లలేదు. రాడోని చంకనేసుకుని, ఆ రోజు పంచే విల్లో చెట్టు కొమ్మల కోసం చర్చికి వెళ్లింది. నెవెనాకి రాత్రంతా దగ్గు, అందుకని పడుకోబెట్టి వెళ్లింది.

పిల్ల ఇంట్లో ఉండగా స్విలెన్ ఎప్పుడూ పెట్టె దించలేదు. ఆ రోజు దించాడు. అంతకు ముందురోజు సాయంత్రమే వాడి ద్రవం అయిపోయింది. డిపోలో ఎవడో సిగరెట్టు పెట్టె చాపితే చెయ్యి దాని దాకా వెళ్లిందట. ఆ చేతిని చూసి వాడే హడలిపోయాడు. చుట్టాలు ఒంటిగంటకు కానీ రారు, పిల్ల నిద్రపోతోంది, పావుగంట పని అనుకున్నాడు. వంటింటి తలుపు వేసుకుని కూర్చున్నాడు.

నేను పన్నెండుంపావుకే బానిత్సా పళ్లెం పట్టుకుని గంట కొట్టాను. జున్ను పొరల రొట్టె వేడిగా ఉండగా తినాలని నా ఆరాటం. నా వెనకే స్నెజానా పెద్దమ్మలిద్దరూ చాక్లెట్లతో మెట్లెక్కి వచ్చారు. స్విలెన్ తొడుగులు విప్పుతూ తలుపు తీశాడు.

"పిన్నీ, ఒక్క నిమిషం ఆగు, లోపల..."

"ఒక్క నిమిషమేంట్రా? పేరు పండుగ నాడు గుమ్మంలో నిలబెడతావా?" అంటూ పెద్ద పెద్దమ్మ వాణ్ని తోసుకుని వచ్చేసింది. "ఏదీ మా బంగారుతల్లి?"

ఆ ఇరుకు నడవలో ముగ్గురు ఆడవాళ్లు, రెండు చలికోట్లు, ఆరు చెప్పులు. స్విలెన్ తీగ జారిన ట్రాలీబస్సులా మధ్యలో ఇరుక్కుపోయాడు. బంగారుతల్లి అప్పటికే లేచి, మా వెనక నుంచి వంటింట్లోకి దూరింది. మాలో ఒక్కరం చూడలేదు.

స్టూలు పడిన చప్పుడైంది. వెళ్లేసరికి నెవెనా నేల మీద కూర్చుని ఉంది. గౌను ముందంతా తడి. పక్కన గోధుమరంగు సీసా దొర్లుతోంది.

"నోరు మండుతోంది మామ్మా," అంది నాతో.

అంటూండగానే దాని మొహం మైదాపిండిలా పాలిపోయింది. నోట్లోంచి చొంగ కారింది, భళ్లున కక్కింది, చేతులు వణకడం మొదలెట్టాయి. నా చేతిలో పళ్లెం ఎప్పుడు జారిందో నాకు తెలియదు.

"ఉప్పునీళ్లు! ఉప్పునీళ్లు పట్టండి, మొత్తం కక్కించండి!" అని అరిచాను.

"ముట్టుకోకు!"

స్విలెన్ గొంతు అలా లేవగా వినడం నాకదే మొదటిసారి. ఫ్రిజ్ మీది కాగితం వంక చూడను కూడా చూడలేదు. పిల్ల గౌను లాగేసి, ఒళ్లు నీళ్లతో కడిగి, నోరు తుడిచి, ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాడు. అప్పటికే 112కి ఫోన్ కలిపి చెవికి ఆనించుకున్నాడు.

"పిల్లకి మూడున్నరేళ్లు. పధ్నాలుగు కిలోలు. నికోటిన్ మింగింది. ఎంత ఘాటుదో సీసా మీద రాసి ఉంది, చదువుతున్నా, రాసుకోండి. చాలావరకు గౌను మీద పడింది. వాంతి దానంతటదే అయింది, మేం చేయించలేదు." బస్సులో స్టాపుల పేర్లు చదువుతున్నట్టే చదివాడు. పెద్దమ్మలు శిలువ గుర్తు వేసుకుంటూ గోడకి అతుక్కుపోయారు. అంబులెన్సు వచ్చేదాకా వాడు పిల్ల వీపు మీంచి చెయ్యి తియ్యలేదు.

సాయంత్రం ఆసుపత్రిలో డాక్టరమ్మ బయటికి వచ్చింది.

"గండం గడిచింది. ఒక్క గుక్కే లోపలికి పోయింది. మీరు చెయ్యాల్సినవన్నీ చేశారు, చెయ్యకూడనిది ఒక్కటీ చెయ్యలేదు. దానివల్లే బతికింది." తర్వాత, సంచిలో వేసి తెచ్చిన ఆ సీసాని ఎత్తి చూపించింది. "కానీ ఒకటి చెప్పండి. ఇది పిల్లలు తియ్యలేని మూత. గట్టిగా నొక్కి తిప్పితే తప్ప రాదు. తెరిచి వదిలేసిందెవరు?"

స్నెజానా చర్చి నుంచి తెచ్చిన కొమ్మ ఇంకా చేతిలోనే ఉంది. మొగుడి వంక చూసింది.

"మూత పెట్టాను," అన్నాడు స్విలెన్.

"పెట్టావా? పొయ్యి ఆపావో లేదో చూడ్డానికి రోజూ మెట్లెక్కి వస్తావే, దీన్ని చూసుకోలేదా?"

"పెట్టాను స్నెజా. గంట మోగగానే టక్కుమనేదాకా తిప్పాను."

"మరి దానంతటదే ఊడిందా? చెప్పు! మూడున్నరేళ్ల పిల్ల ఊడదీసిందా?"

వాడు పెట్టానన్నాడు. మళ్లీ అన్నాడు. పదోసారికి ఆ మాట "పెట్టాననే గుర్తు" అయింది. పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోతానని, ఇక ఆ ఇంట్లో వాడితో ఉంచనని స్నెజానా అందరి ముందూ చెప్పేసింది.

ఇక్కడ నా సంగతి చెప్పకపోతే నేను చెప్పిందంతా అబద్ధమే అవుతుంది.

ఏటా మే నెలలో నేను పైన్ చిగుళ్లు కోసుకొచ్చి, చక్కెరతో పొరలు పొరలుగా సీసాకెత్తి దగ్గుకి పాకం చేస్తాను. మా తరం ఖాళీ సీసా పారెయ్యదు. స్విలెన్ తన నికోటిన్ సీసాలు కడిగి, కాగితాలు గీకేసి, గాజు చెత్తలో వెయ్యడానికి గుమ్మం బయట సంచిలో పెట్టేవాడు. గోధుమరంగు దళసరి గాజు, గట్టి మూత. పోగొట్టుకోబుద్ధి కాలేదు. రెండు మూడు తీసుకెళ్లి, బాగా మరిగించి, పాకం పోసుకున్నాను. వాడికి చెప్పలేదు. చెబితే ఒక ఉపన్యాసం వినాలి కదా అని.

స్నెజానా తెల్లారకముందే బేకరీలో పనికి వెళ్తుంది, స్విలెన్ బస్సెక్కుతాడు. పిల్లలు నా దగ్గరే. చలికాలమంతా నెవెనాకి పొద్దున్నే ఒక చెంచా పాకం. ఆ మూత నా వంకర వేళ్లకి రాదు. అందుకని పిల్లకి నేర్పాను. "అరచెయ్యి పెట్టు తల్లీ. గట్టిగా నొక్కు. ఊఁ, వదలకు. ఇప్పుడు తిప్పు." మూడు వారాలు పట్టింది. వచ్చిన రోజు నేను చప్పట్లు కొట్టి, రెండు చెంచాలు పోశాను. ఆ తర్వాత మూత తియ్యడం దాని పనే. నేనెంత మురిసిపోయానో!

డాక్టరమ్మ మాట వినగానే మూత తీసిందెవరో నాకు అర్థమైంది. అయినా నోరు తెరవలేదు. ఇక ఆ పిల్లని నా ఒళ్లోకి రానివ్వరేమోనని భయం వేసింది. ఎంత సిగ్గుమాలిన భయమో చూడండి. చావు తప్పించుకున్న పిల్ల లోపల, దాన్ని బతికించిన తండ్రి తల దించుకుని బయట, నేనేమో నా ఒడి గురించి ఆలోచిస్తున్నాను.

మర్నాడు పది గంటలకు పోలీసు కుర్రాడు కాగితాలు పట్టుకొచ్చాడు. నెవెనా మంచం మీద లేచి కూర్చుంది, చేతికున్న సూది తీసేశారు. తల్లీ, డాక్టరమ్మా పక్కనే ఉన్నారు. స్విలెన్ గడ్డం మాసి, మనిషి సగమయ్యాడు.

"మూత తెరిచి వదిలేశానని రాసుకోండి," అన్నాడు. "నాకైతే పెట్టినట్టే ఉంది. కానీ అలా కాక ఇంకెలా జరుగుతుంది? ఎక్కడ సంతకం పెట్టాలి?"

"పెట్టకు!" అన్నాను. "మూత నువ్వు తెరవలేదు. పిల్లే తీసింది. తియ్యడం నేర్పింది నేను."

పోలీసు కుర్రాడు నా వంక జాలిగా చూశాడు. "మీరు వీళ్ల బంధువా అమ్మా?"

"పిన్నీ, ఇప్పుడు ఇతన్ని వెనకేసుకు రాకు," అంది స్నెజానా. "కొడుకులా చూసుకుంటావని తెలుసు. కానీ ఇది నా పిల్ల ప్రాణం."

"నా కోసం అబద్ధం చెప్పకు పిన్నీ," అన్నాడు స్విలెన్ కూడా. వాడు అలా అనడమే నాకు అన్నిటికంటే ఎక్కువ తగిలింది.

నా మాట ఎవరూ నమ్మలేదు. సంచిలోంచి పాకం సీసా తీశాను. పొద్దున్నే ఇంటికెళ్లి తెచ్చాను. డాక్టరమ్మ దాన్ని అందుకుంది, మూత తీసి వాసన చూసింది, చుక్క నాలుక మీద వేసుకుంది. మళ్లీ మూత పెట్టి, టక్కుమనేదాకా తిప్పి, ఇంకోసారి బిగించింది. దాన్ని నెవెనా చేతిలో పెట్టింది.

పిల్ల మా అందరి మొహాలూ చూసింది. సీసాని మోకాళ్ల మధ్య ఇరికించుకుంది. అరచెయ్యి మూత మీద పెట్టి, ఒళ్లంతా దాని మీదికి వంచి నొక్కింది. తిప్పింది. మూత ఊడి వచ్చింది. పోలీసు కుర్రాడు రాయడం ఆపేశాడు. స్నెజానా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. స్విలెన్ పిల్లని చూడలేదు, నన్నే చూస్తున్నాడు.

నెవెనా మూతని జాగ్రత్తగా దుప్పటి మీద పెట్టింది. కళ్లు మూసుకుని, రోజూ లాగే నా వైపు తిరిగి, నోరు తెరిచింది.