పొట్టి తూటాకు ఎందుకంత జోరు

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు మా మనవరాలికి పోలీసు కొలువు వచ్చింది. శిక్షణ మధ్యలో సెలవు దొరికి ఆత్మకూర్ బస్సు దిగి ఇంటికి వచ్చింది గానీ ముఖంలో కళ లేదు. నేను విత్తనం పల్లికాయ వలుస్తున్నాను. మిషన్‌కు వేస్తే పప్పు పగులుతుంది, మనుషులను పిలిస్తే కూలి పెట్టాలి. ఊరికే కూర్చోవద్దని దాని ముందు కూడా ఒక చాట పెట్టాను.

వలుస్తూ వలుస్తూ అసలు సంగతి చెప్పింది. పాత రివాల్వర్‌తో గురి బాగానే తగులుతోందట. పిస్తోలు పట్టుకుంటే మాత్రం పేలకముందే కళ్లు మూతపడుతున్నాయట. సెలవు కాగానే మళ్లీ పరీక్ష. అందులోనూ తప్పితే కొలువు నిలిచేది అనుమానమే.

"రెండిట్ల ఏ తూటా పెద్దది?" అని అడిగాను.

"రివాల్వర్‌ది పొడుగు అవ్వా. పిస్తోలుది పొట్టి."

"పొడుగుదానికి బెదరవు, పొట్టిదానికి బెదురుతవా?"

"పొట్టిదాంట్లనే ఒత్తిడెక్కువ. దగ్గర దగ్గర రెట్టింపు."

నేను నమ్మలేదు. విత్తనానికి కాయ పొడుగు చూసి ఏరడం నాకు అలవాటు. అది చాటలోంచి రెండు కాయలు తీసి నా చెవి దగ్గర ఆడించింది. పొడుగుదాంట్లో పప్పు గలగలలాడింది. పొట్టిది చప్పుడు చేయలేదు.

"ఎనకట తూటాల పోసే మందు మస్తు జాగ పట్టేది. గిప్పటి మందు జరంత చాలు. ఇత్తడి డొల్ల మాత్రం గంతే పొడుగుంచిన్రు. పాత రివాల్వర్లు ఎక్కువ ఒత్తిడికి ఆగయి, అందుకే తక్కువ పోస్తరు. పొట్టిదాంట్ల జాగ ఉండదు. మందు అంటుకుంటె గుండును జోరుగ నూకుతది."

"అయితే పొడుగుదాంట్ల ఇత్తడి దండుగ."

ఇంటికి వచ్చాక అది నవ్వడం అదే మొదలు. ఈ రెండిటికంటే లావు తూటా ఒకటి ఉందనీ, దాని ఒత్తిడి పొట్టిదానికంటే తక్కువేననీ, గుండు బరువెక్కువ కాబట్టి నెమ్మదిగా పోతుందనీ చెప్పింది.

"జోరుగ పోతె ఏం ఫాయిదా? దొంగ ఒంట్ల దిగి ఆగుతదా, దాటి ఎనకున్నోళ్లకు తగులుతదా?"

వలిచే చేయి ఆగింది. "దాటిపోవచ్చు. మా సారు గదే చెప్పిండు. విన్నకాన్నుంచే కండ్లు మూతవడుతున్నయి."

"కండ్లు మూసుకుంటె ఎనక ఎవలున్నరో ఎట్ల కనవడతది?"

అది చాట ఖాళీ అయ్యేదాకా వలిచింది. మరునాడు పొద్దున బస్సెక్కింది.

పరీక్ష అయిన సాయంత్రం ఫోన్ చేసింది.

"పాసైన అవ్వా. మొదటిదానికి మూతవడ్డయి. తర్వాత తెరిచే ఉంచిన."

"మొదటి గుండు యాడికి వోయింది?"

"గురిపలక ఎనకున్న మట్టికట్టల దిగింది."

"ఎంత లోతుకు?"

"చూడలే."

"చూసి రావద్దా," అన్నాను.