తెడ్డు ఆయన ఇవ్వలేదు

ఆయన నాకు తెడ్డు ఇవ్వలేదు. ముందు ఈ ముక్క రాసుకోండి.

వనపర్తిలో కాలేజీ సభ కానీ, నాగర్‌కర్నూల్‌లో కోచింగ్ సెంటర్ వార్షికోత్సవం కానీ, గద్వాలలో మహిళా దినోత్సవం కానీ, నన్ను ఎక్కడికి పిలిచినా వేదిక వెనక అదే ఫ్లెక్సీ. చుట్టూ వరద నీళ్లు. బుట్టలా గుండ్రంగా ఉండే పడవ, పుట్టి. అందులో యూనిఫాంలో నేను, ఎదురుగా ముసలి పుట్టివాడు. ఇద్దరి చేతులూ ఒకే తెడ్డు మీద. కింద పెద్ద అక్షరాల్లో ‘చిన్ననాటి కల చేతికందిన వేళ’. మైకు పట్టుకున్నవాడు గొంతు గద్గదం చేసుకుని చెప్తాడు: ఆడదాన్ని తెడ్డు ముట్టనివ్వని నది మనిషి, ఆ రోజు కళ్ల నీళ్లతో మన పాలమూరు బిడ్డ చేతిలో తెడ్డు పెట్టి దీవించాడని. చప్పట్లు. శాలువా.

అబద్ధం. ఆ ఫొటోలో ఆయన తెడ్డు ఇవ్వడం లేదు, గుంజుకుంటున్నాడు. నేనూ గుంజుకుంటున్నాను. ఒడ్డున నిలబడ్డ విలేకరికి అది దీవెనలా కనిపించింది. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ దిద్దుకోరు. దిద్దితే చప్పట్లు తగ్గుతాయి. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు నేను సైన్యంలో ఇంజనీర్ల విభాగంలో కెప్టెన్‌ని. సికింద్రాబాద్ నుంచి బయల్దేరిన మా దళం రాజోలి చేరేసరికి తెల్లవారింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. వాన మా దగ్గర పడలేదు, ఎగువన కర్ణాటకలో పడింది. తుంగభద్ర మాత్రం ఊళ్లోకి వచ్చి కూర్చుంది. నీళ్లు ఎర్రగా, చిక్కగా ఉన్నాయి. కిరోసిన్ వాసన, తడిసిన నూలు వాసన. నేతగాళ్ల ఇళ్లలో మగ్గం గుంటలు ముందు నిండాయి, తర్వాత ఇళ్లు నిండాయి. జనం మిద్దెల మీద ఉన్నారు.

మా దగ్గర రెండు రబ్బరు పడవలు, వాటికి మోటర్లు, లైఫ్ జాకెట్లు, తాళ్లు, ఒక రేడియో సెట్టు. మేజర్ ఆదేశం చిన్నది. మనుషుల్ని మాత్రమే తేవాలి. సామాను వద్దు, మేకలు కూడా వద్దు.

నాకు ఇంకో ఆదేశం ఇచ్చాడు. ఒడ్డున కూర్చుని మైకులో తెలుగులో చెప్పమన్నాడు.

“మీ ప్రాంతం కదా, మీ భాష మీకొచ్చు,” అన్నాడు.

“పడవ నడపడం కూడా వచ్చు సార్. మన ఇంజనీర్ల స్కూల్లోనే నేర్పారు.”

ఆయన మైకు ఊళ్లోవాళ్లలో ఒకరికి ఇచ్చి, నన్ను రెండో పడవ తీసుకోమన్నాడు.

కల సంగతి కూడా చెప్పేస్తాను, ఎలాగూ అడుగుతారు. మాది గట్టు అనే ఊరు. మెట్ట పొలాలు, రాళ్లు, వాన కోసం మొగులు వైపు చూసే జనం. పదేళ్లప్పుడు మా నాయన కృష్ణ ఒడ్డుకు తీసుకుపోయాడు. పుట్టి ఎక్కాం. తెడ్డు ఒకసారి ఇవ్వమని అడిగాను. పుట్టివాడు నా చెయ్యి పక్కకు నెట్టాడు.

“ఆడపిల్ల తెడ్డు ముడితే గంగమ్మ ఊకోదు. కూసో.”

మా నాయన నవ్వాడు. “గట్టోళ్లకు పడవేందే? తాగనీకే నీళ్లు లేవు.”

బడిలో పెద్దయ్యాక ఏమవుతావంటే, పడవ నడుపుతానన్నాను. క్లాసంతా నవ్వింది. సివిల్ ఇంజనీరింగ్ చదివాక చుట్టాలంతా సాఫ్ట్‌వేర్ అన్నారు, మేనత్త బ్యాంకు పరీక్ష అంది. సైన్యంలో ఇంజనీర్లు నదులు దాటిస్తారని ఎక్కడో చదివాను. అంతే, దరఖాస్తు పెట్టాను. దేశభక్తి పొంగి సైన్యానికి పోయానని మైకువాడు చెప్పేది అతని సొంత కవిత్వం. నాకు తెడ్డు కావాలి. తెడ్డు ఇచ్చే ఉద్యోగానికి పోయాను. శిక్షణలో అరచేతుల చర్మం ఊడింది. నన్ను ఆడపిల్లవా అని గంగమ్మ అడగలేదు, నదీ అడగలేదు.

ఆ పొద్దున నాతో పడవలో మోటరు నడిపే నాయక్ ఒక్కడే ఉన్నాడు. మూడో మిద్దె మీద ఒక నేతగాడు, అతని భార్య. ఆమె వెంటనే దిగింది. అతను దిగలేదు. చంకలో పంచెలో చుట్టిన మూట.

“ఏంది అది?”

“పడుగు మేడం. చీర పడుగు. నేను, నా పెండ్లాం కూడి నెల కష్టపడ్డం.”

“సామాను వద్దన్నరు. మైకుల ఇనలేదా?”

“గిది సామానెట్లయితది? గిది పోతె మగ్గం మీదికి ఏం ఎక్కియ్యాలె?”

“నువ్వు పోతె మగ్గం మీద ఎవరు కూసుంటరు? దిగు జల్ది.”

అతని భార్య పడవలోంచి అరిచింది. “ఓ నాయనా, ఆ మేడంతోటి పంచాయితీ పెట్టకు, ఆమె నీకంటె మొండిది! ఆడ పెట్టి రా.”

మూట పక్కన పెట్టి దిగాడనుకున్నాను. పెట్టలేదు. నేను ఆమెకు లైఫ్ జాకెట్ బిగిస్తుంటే, నాయక్ ముందు కొసన తాడు విప్పుతుంటే, అతను మూటను పడవ వెనక కొసకు కట్టి నీళ్లలోకి జార్చాడు. పడవలో వద్దన్నారు కానీ నీళ్లలో వద్దనలేదు కదా అని తర్వాత నాతోనే వాదించాడు. మనవాళ్లకు ఆదేశంలో సందు వెతికే తెలివి పుట్టుకతో వస్తుంది.

ఇళ్ల మధ్య నుంచి బయటకు రాగానే ప్రవాహం మూటను విప్పింది. పడుగులోని వేల పోగులు మోటరు పంకాకు చుట్టుకున్నాయి. ఇంజన్ రెండుసార్లు మూలిగి ఆగిపోయింది.

“మేడం, పంఖా జామ్,” అన్నాడు నాయక్. అప్పటికే కత్తి తీశాడు.

రేడియోలో మా మాటలు హిందీలో సాగాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

“పడవ రెండు, పరిస్థితి చెప్పు.”

“ఇంజన్ ఆగింది. నది వైపు కొట్టుకుపోతున్నాం. ఓవర్.”

“పడవ ఒకటి ఊరి అవతల ఉంది. ఆగండి.”

ఆగండి! నీళ్లకు చెప్పాలి ఆ మాట. చివరి వీధి దాటితే అసలు నది. అందులో కలిశామంటే ఎక్కడ తేలతామో ఎవరూ చెప్పలేరు. మా చిన్న తెడ్లు ఆ బరువుకు చాలడం లేదు.

అప్పుడు ఫ్లెక్సీ మీది ఆ ముసలాయన పుట్టి వేసుకుని అడ్డం వచ్చాడు. ఎవరూ పిలవలేదు. తాడు విసిరాడు, నాయక్ పడవకు కట్టాడు. అంతవరకు ఆయనకు దండం పెడతాను. అంతలో నీళ్లలో కొట్టుకొస్తున్న ఇంటి దూలం ఒకటి ఆయన కుడి భుజానికి తగిలింది. చెయ్యి వేలాడిపోయింది. పుట్టి గిర్రున తిరగడం మొదలుపెట్టింది. తాడుతో పాటు మేమూ తిరిగాం.

నేను పుట్టిలోకి దూకాను.

“తెడ్డు ఇయ్యి తాతా.”

ఆయన ఎడమ చేత్తో దాన్ని ఛాతీకి అదుముకున్నాడు. “ముట్టకు. నువ్వు ముడితే గంగమ్మ ముంచుతది.”

“ముంచుతనే ఉంది కద! ఇంకేం మిగిలింది?”

“నేను ఒంటి చేత్తోటి తిప్పుత.”

“తిప్పుడు కాదు, తిరుగుతున్నవ్! ఇయ్యి!”

మనిషి వేరు, నది వేరు. మాట మాత్రం నా పదేళ్ల వయసులో విన్నదే. పట్టుకుని గుంజాను. ఆయన వదల్లేదు. వెనక నేతగాడి భార్య “ఇయ్యరాదయ్యా ముసలోడా, సస్తమా ఏంది నీ తెడ్డుకోసం!” అని తిట్టింది. ఫ్లెక్సీ మీద ఉన్నది ఆ క్షణం. ఆయన కళ్లలో నీళ్లు భుజం నొప్పివి, కోపంవి. దీవెన ఎక్కడా లేదు.

చివరికి నాదే పైచేయి అయింది. నా చేతులు రెండు, ఆయనది ఒకటి. అందులో గొప్పేమీ లేదు.

పుట్టిని పక్కనుంచి తోస్తే తిరుగుతుంది. ముందు నుంచి నీళ్లను మన వైపు లాక్కోవాలి. లాగాను. నాయక్, నేతగాడు పడవలోంచి చిన్న తెడ్లు వేశారు. బడి భవనం వెనక నీళ్లు నెమ్మదిగా ఉన్నాయి. దాని గోడ నీడలోకి చేరి కిటికీ ఊచలకు తాడు కట్టాం. నాయక్ కూర్చుని పంకా చుట్టూ పోగులు కోశాడు. ఒక్కో కోతకూ నేతగాడు “అయ్యో” అన్నాడు.

ఇంజన్ పలికాక పుట్టిని లాక్కుంటూ ఒడ్డుకు వచ్చాం. అంబులెన్స్ సిద్ధంగా ఉంది. ఆయన ఎక్కలేదు. వెనక్కి వచ్చి, పుట్టిలోంచి ఎడమ చేత్తో తెడ్డు తీశాడు. ఆయనే చెక్కుకున్నది. పట్టుకునే చోట కర్ర నునుపుగా, నల్లగా అరిగి ఉంది. దాన్ని తీసుకుని మోకాళ్ల లోతుకు దిగాడు. నీళ్ల మీద పెట్టి, బలంగా ముందుకు తోశాడు.

“తాతా, ఎందుకు?”

వెళ్లి అంబులెన్స్‌లో కూర్చున్నాడు. తెడ్డు రెండుసార్లు గుండ్రంగా తిరిగి, నది వైపు మళ్లి పోయింది.

నీళ్లు తీశాక మేం సికింద్రాబాద్ వెళ్లిపోయాం. కొన్నేళ్లకు నా ఒప్పందం గడువు ముగిసింది, ఇంటికి పొమ్మన్నారు. అడిగిన మగవాళ్లను పర్మనెంట్ చేసి ఉంచుకున్నారు, మా విభాగంలో ఆడవాళ్లకు ఆ దారి లేదు, వచ్చేశాను. ఆ మాట కూడా మైకులో ఎవరూ చెప్పరు. ఇప్పుడు గద్వాలలో ఉంటున్నాను. సభల్లో ఆడపిల్లలు తృప్తినిచ్చే ఉద్యోగం ఎలా ఎంచుకోవాలని అడుగుతారు. కావలసిన పనిముట్టు ఎవరి చేతిలో ఉందో చూసుకోండి, అది దీవెనగా అందుతుందని మాత్రం ఎదురుచూడకండి అంటాను. నిర్వాహకులు వెంటనే జాతీయ గీతం పెట్టేస్తారు.

పోయినేడు ఆయన్ను వెతుక్కుంటూ రాజోలికి వెళ్లాను. కొత్త తెడ్డు వాకిట్లో గోడకు ఆనించి ఉంది. గుర్తుపట్టాడు, కుర్చీ వేయించాడు. ఆ పాత తెడ్డు ఎందుకు పారేశావని అడిగాను.

“గిప్పుడెందుకు బిడ్డా గవన్ని. చాయ్ తాగి పో.”

నాకు చాయ్ అక్కర్లేదు. నునుపు తేలిన ఆ కర్ర నీళ్ల మీద తిరుగుతూ పోవడం నేను ఎక్కడ కూర్చున్నా కనిపిస్తుంది. అందరం బతికినందుకు ఆయన దాన్ని గంగమ్మకు ఇచ్చుకున్నాడా, నేను ముట్టుకున్నందుకు పారేశాడా?