మిద్దె మీది దరువు

మా బ్యాండుకు పేరు లేదు. పేరు కోసం కొట్లాడుకుంటుండగానే బ్యాండు అయిపోయింది. నాందేడ్ చరిత్ర రాసే పెద్దమనుషులు మా గురించి ఒక్క ముక్క రాయలేదు, ఇక ముందూ రాయరు. రాజులెవరు, యుద్ధాలెక్కడ, మిల్లు ఎవరు కట్టించారు, ఎవరు మూయించారు, ఇదే వాళ్లకు చరిత్ర. మిల్లు లైనుకు అవతల, తలుపులు పెట్టని ఇళ్లలో ముగ్గురు పిల్లలు గొంతులు చించుకుని అరిచారంటే వాళ్లకేం పట్టింది? అందుకే నేను రాస్తున్నాను.

నాకు డిగ్రీ లేదు. తొమ్మిదో తరగతిలో బడి మానేసి కిరాణా దుకాణంలో చేరాను. బడిలో మరాఠీ, బజార్లో ఉర్దూ, ఇంట్లో తెలుగు. తెలుగు చదవడం ఏ పంతులూ నేర్పలేదు. పొట్లాలు కట్టడానికి మా దుకాణానికి నిజామాబాద్ నుంచి పాత పేపర్లు కట్టలుగా వచ్చేవి. మిరపకాయలు పోసేలోపు ఎంత చదవగలిగితే అంత చదివేవాణ్ణి. సగం వార్తే తెలిసేది. మిగతా సగం ఎవరి ఇంటికో పోయేది. ఇప్పటికీ ఏ వార్త చదివినా మిగతా సగం ఎక్కడ దాచారని అనుమానపడతాను.

ఎనభైల మొదట్లో సంగతి. ముగ్గురం. నేను ఒకణ్ణి. రెండోవాడు బట్టల సేటు కొడుకు. వాళ్ల దుకాణం పాతపేటలో, ఇల్లు మాత్రం మిల్లు లైను దాటాక మా కాలనీలో కొత్తగా పంచిన ప్లాట్లలో కట్టుకున్నారు. మూడోవాడు మిల్లు కార్మికుడి కొడుకు, మా రేకుల ఇళ్ల వరసలోనే చివరి ఇల్లు. ముగ్గురి ఇళ్లలోనూ తెలుగే. అది తప్ప మాకు కలిసేదేదీ లేదు. బడిలో అదొక్కటే చాలింది, ఎందుకంటే ముగ్గుర్నీ కలిపి ఎక్కిరించేవాళ్లు.

సేటు కొడుక్కి బొంబాయి మేనమామ ఒక గిటారు, ఒక క్యాసెట్ తెచ్చిచ్చాడు. క్యాసెట్‌లో ఎవరో తెల్ల పిల్లలు. వాళ్లకు పాడటం రాదు, వాయించటం అంతంత మాత్రం. కోపం మాత్రం బాగా వచ్చు. ఒక్క మాట అర్థం కాలేదు గానీ ఆ కోపం మాది అనిపించింది. దాన్ని పంక్ అంటారని చాలా ఏళ్ల తర్వాత, పొట్లాల కాగితాల్లో వచ్చిన ఒక ఇంగ్లిషు పత్రికను డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివితే తెలిసింది. అప్పుడు మాకు తెలిసిందల్లా ఒక్కటే, ఇట్లా పాడటానికి సంగీతం రానవసరం లేదని.

గిటారు ఉంది. అరవడానికి నేనున్నాను. డ్రమ్ము కావాలి. మూడోవాడు, మా ఇంట్ల ఒకటి ఉంది, కానీ దాన్ని దించితే మా బాపు ఊకోడు అన్నాడు.

వాళ్లింట్లో పైకప్పు కింద గోనెసంచిలో చుట్టిపెట్టిన డప్పు ఉంది. తాతది. వాళ్ల నాన్న బిలోలీ వైపు ఊరు విడిచి మిల్లుకు వచ్చిందే ఆ డప్పు నుంచి తప్పించుకోవడానికి. ఊళ్లో ఎవరు చనిపోయినా వాళ్ల ఇంటికి కబురు వచ్చేది, వెళ్లి శవం ముందు కొట్టాలి. రాను అనే మాట లేదు. తాత చనిపోయిన రోజే పటేల్ ఇంట్లోనూ ఒకరు పోయారట. కొడుకును పటేల్ ఇంటికి పిలిచారు. ఆయన వెళ్లి అక్కడ కొట్టాడు. ఇక్కడ సొంత తండ్రి పాడె చప్పుడు లేకుండా పోయింది. ఆ ఏడే ఆయన సంచీ కట్టుకుని నాందేడ్ వచ్చేశాడు. డప్పును పారేయలేకపోయాడు, తండ్రి చేతిది కదా. కానీ ఈ కాలనీలో ఒక్క మనిషి కూడా తన గడపలోకి వచ్చి డప్పు తీసుకుని రమ్మని అడగకూడదు. ఆయన బతుకంతా ఆ ఒక్క పట్టుదల మీద నిలబడి ఉందని మూడోవాడు చెప్పాడు. చెప్పి, ఆయన షిఫ్టులో ఉండగా డప్పు దించుకుని వచ్చాడు.

కాలనీ చివర, సర్కారు కట్టి ఎవరికీ ఇవ్వకుండా వదిలేసిన ఇళ్లు ఉండేవి. గోడలు, మెట్లు, మిద్దె ఉండేవి. తలుపులు, కిటికీలు ఉండేవి కావు. అందులో ఒకటి మాది అయింది. అరుపు గోడలకు తగిలి మళ్లీ మా మీదికే వచ్చేది. పాట నేనే రాశాను. కాలనీకి నల్లా నీళ్లు ఇస్తామని వచ్చి చెప్పి పోయే నగరసేవకుడి మీద, అంటే మా వార్డు కౌన్సిలర్ మీద.

నల్లకు నీళ్లు లేవు
నీ నోటికి మూత లేదు
సాంగ సాహెబా, పాణీ కధీ?

నీళ్లెప్పుడో చెప్పు సాహెబా అని చివరి ముక్క మరాఠీలో పెట్టాను, ఆయనకు అర్థం కావాలి కదా. దీనికి మూడోవాడు ఒక దరువు కొట్టాడు. నెమ్మదిగా మొదలై, ఆగినట్టే ఆగి, మళ్లీ గుండె మీద పడేది. అది వింటే కూర్చున్నవాడు కూర్చోలేడు. ఎక్కడ నేర్చావురా అంటే, మిల్లు నుంచి వచ్చి కునుకు తీసేటప్పుడు మా బాపు వేళ్లు మంచం పట్టె మీద ఇదే కొడ్తయి, చూసి నేర్సిన అన్నాడు.

చర్మం చప్పుడు దాగుతుందా? ఒకరోజు సాయంత్రం మూడోవాడి నాన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, జుట్టులో ఇంకా దూది పీచు. ఆయన తిట్టలేదు. మళ్లీ కొట్టమన్నాడు, మొత్తం విన్నాడు.

"గా దరువు ఏడ నేర్సినవ్?" అని అడిగాడు కొడుకును.

"నీ దగ్గర్నే, బాపూ."

ఆయన ముఖంలో ఏదో వచ్చి పోయింది. మెచ్చుకోలు అనుకున్నాం. "ఈడ మరాఠోళ్లు, ఎవలికి తెల్వది తియ్యి" అని తనలో తనే అనుకున్నాడు. ఏం తెలియదో మేం అడగలేదు. వెళ్తూ వెళ్తూ ఒక షరతు పెట్టాడు.

"కొట్టుకో. స్టేజి ఎక్కి కొట్టు, మిద్దె మీద కొట్టు. నేల మీద నిలబడి, ఎవలి ఇంటి ముంగట కొట్టకు. ఒక్కపారి కొడ్తే ఇగ పిలుస్తనే ఉంటరు."

వినాయక చవితి వచ్చింది. కాలనీ గణపతి మండలి వాళ్లు రోజూ ఆరతి అయ్యాక పిల్లల కార్యక్రమాలు పెట్టేవాళ్లు. అధ్యక్షుడు మరాఠీ మనిషి, మంచివాడే. మూడు నిమిషాల్లో ముగించాలని, దేవుడి పేరు ఒకసారైనా రావాలని అన్నాడు. నేను నల్లా పాటకు ముందు ఒక గణపతి పేరు తగిలించాను. ఆ రోజు ముసురు. తడిగాలికి డప్పు మెత్తబడి చప్పబడింది. మంటపం వెనక గడ్డి, కాగితాలు ముట్టించి చర్మం కాచాం. అధ్యక్షుడు పరుగున వచ్చి దేవుణ్ణి కాలుస్తార్రా అని చీవాట్లు పెట్టాడు. వేడి డప్పుతోనే స్టేజి ఎక్కాం.

దాన్ని ఏమని చెప్పాలి? లౌడ్‌స్పీకర్‌లోంచి గిటారు రేకు కోసినట్టు వచ్చింది. నా గొంతు మొదటి చరణానికే బొంగురుపోయింది. దరువు మాత్రం నిలిచింది. మరాఠీ కుర్రాళ్లు లేచి గంతులు వేశారు. నగరసేవకుడు ముందు కుర్చీలో నవ్వుతూ తాళం వేశాడు, తన మీద పాట అని తెలియక కాదు, తెలిసే. అంత సిగ్గులేని మనిషి. ఇంతలో వెనకవైపు చాపల మీద కూర్చున్న మా తెలుగు ముసలివాళ్లు ఒక్కొక్కరే లేస్తున్నారు. ఆడవాళ్లు కొంగు తల మీదికి లాక్కుంటున్నారు. ఒకామె మనవణ్ణి రెక్క పట్టుకుని లాక్కుపోయింది. నా పాట మీద కోపం అనుకుని నేను ఇంకా గట్టిగా అరిచాను.

అందరూ లేచినా ఒక్క ముసలామె కదల్లేదు. సేటు కొడుకు నాయనమ్మ. మేం కిందికి దిగగానే మూడోవాణ్ణి దగ్గరికి పిలిచింది. వాడు రెండు అడుగుల దూరంలో ఆగాడు. ఆమె ఇంకా దగ్గరికి రమ్మంది.

"ఇది శవం ముంగటి దరువు గద బిడ్డా" అంది.

మాకు అప్పుడు తెలిసింది. మంచం పట్టె మీద మూడోవాడి నాన్న వేళ్లు అన్నేళ్లూ ఎవరి కోసం కొడుతున్నాయో కూడా అప్పుడే తెలిసింది. పెళ్లికొక దరువు, జాతరకొకటి, చావుకొకటి ఉంటాయని ఊరు విడిచి వచ్చిన పెద్దలకు తెలుసు, ఇక్కడ పుట్టిన మాకు తెలియదు. దేవుడి ముందు చావు దరువు కొట్టాం. మరాఠీవాళ్లు దానికి గంతులు వేశారు.

ముసలామె తిట్టలేదు. "మా ఊర్ల విన్న. మల్ల ఈ ఊర్ల వింటననుకోలే. నేను పోయిననాడు నువ్వే కొట్టాలె" అంది.

"కొడ్త అవ్వా" అన్నాడు వాడు. అనేశాక వాళ్ల నాన్న షరతు గుర్తొచ్చి నా వైపు చూశాడు.

దీపావళికి ముందే ఆమె పోయింది.

ఆ పొద్దున నేను మూడోవాడి ఇంట్లోనే ఉన్నాను. సేటు స్వయంగా వచ్చాడు, పక్కన కొడుకు, భుజం మీద వాళ్ల దుకాణం నుంచి తెచ్చిన తెల్లగుడ్డ. సేటు గడప దాటలేదు. ఎప్పుడూ పలకరించని మనిషి ఆ రోజు మొదటిసారి అన్నా అని పిలిచాడు.

"అన్నా, మా అమ్మ కోరిక. నీ పిల్లగాడు మాటిచ్చిండంట. జర డప్పు తీస్కొని రమ్మను."

నేను ఆయన ముఖం చూడలేకపోయాను, మూడోవాడి నాన్న ముఖం. ఇన్నేళ్లు ఏ మాట గడపలోకి రావద్దనుకున్నాడో అది వచ్చి నిలబడింది, అదీ మర్యాదగా, ఏడుపు కళ్లతో. పటేల్ అయితే గద్దించేవాడు. గద్దిస్తే కాదనడం సులువు.

ఆయన నెమ్మదిగా అన్నాడు. "మంచిది సేటూ. స్టేజి మీద ఇద్దరు కలిసి కొట్టిన్రు గద. మీ పిల్లగాడు గిటారు తీస్కొని ముంగట నడుస్తే, మా పిల్లగాడు పక్కపొంటి డప్పు తీస్కొని నడుస్తడు."

సేటు మొదట అర్థం కానట్టు చూశాడు. తర్వాత అర్థమయ్యి ముఖం ఎర్రబడింది. శవం ముందు మావాడు వాయించుకుంటూ నడవాలా, లోకం ఏమనుకుంటుంది అన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచే వచ్చింది. తన కొడుక్కి ఏది అవమానమో ఆయనకు ఒక్క క్షణంలో తెలిసింది, ఎదుటివాడి కొడుకు సంగతి తోచనేలేదు. నాకు ఇప్పటికీ మండేది అక్కడే. ముసలామె వాణ్ణి పిలిచింది ప్రేమతో. ఆమె కొడుకు పిలిచింది అలవాటుతో. ఆ ప్రేమను నిలబెట్టడానికి ఒక్క గిటారు సరిపోయేది.

సేటు కొడుకు తెల్లగుడ్డ సర్దుకుంటూ నేల చూశాడు. తండ్రి వెనకే వెళ్లిపోయాడు. మా బ్యాండు ఆ గడప దగ్గర పోయింది. దుఃఖంలో ఉన్న పిల్లాణ్ణి తప్పుపట్టకూడదని మా ఇంట్లోవాళ్లు అంటారు. పట్టకూడదు, నిజమే. నేను పట్టాను.

తర్వాత మూడోవాడి నాన్న షిఫ్టుకు పోయాడు. నేను శవం వెనక నడవడానికి వెళ్లాను, ఆమె నాకు దుకాణంలో తెలిసిన మనిషి. మూడోవాడు రాను అన్నాడు.

పాడె లేచింది. ముందు భజన వాళ్లు తాళాలు కొడుతున్నారు, కానీ ఎవరి అడుగు వాళ్లదే. గోదావరికి దారి కాలనీ చివర, తలుపుల్లేని ఇళ్ల పక్కనుంచే పోతుంది. అక్కడికి వచ్చేసరికి గోడ వెనక నుంచి గడ్డి కాలిన పొగ లేచింది. మరు నిమిషం ఆ దరువు వినిపించింది.

మేం పాట కట్టిన ఇంటి మిద్దె మీద మూడోవాడు నిలబడి ఉన్నాడు. నేల మీద కాదు. ఎవరి ఇంటి ముందూ కాదు, ఎవరికీ ఇవ్వని ఇల్లు అది. ఆగినట్టే ఆగి మళ్లీ పడుతున్నది దరువు. భజన వాళ్లు తాళాలు ఆపేశారు. పాడె మోసేవాళ్ల కాళ్లు వాటంతటవే ఒక్కటయ్యాయి. ముసలివాళ్లు తలెత్తి చూసి దండం పెట్టారు, ఆమెకో, వాడికో. సేటు తల ఎత్తలేదు. ఆయన కొడుకు మాత్రం ఒక్కసారి పైకి చూశాడు, చాలాసేపు చూశాడు, కాళ్లు ముందుకు పోతున్నా. ఆ మలుపు తిరిగేదాకా దరువు వినిపించింది.

సాయంత్రం మూడోవాడి నాన్న మిల్లు నుంచి రాగానే కాలనీలో ఎవరో చెప్పే ఉంటారు. కాళ్లు కడుక్కుని మంచం మీద కూర్చున్నాడు. నేను అరుగు మీద ఉన్నాను. తిట్లు పడతాయని ఇద్దరం ఎదురుచూశాం.

"నేల మీద కొట్టినవా?" అని అడిగాడు.

"లేదు బాపూ. మిద్దె మీద."

ఆయన తల ఊపాడు. డప్పు తెమ్మన్నాడు. ఒళ్లో పెట్టుకుని అరచేత్తో చర్మం తడిమి, అంచు దగ్గర ఒకచోట వేలు ఆపాడు.

"మంచిగ కాగిందా?"

"గడ్డి తడిగున్నది. జర తక్కువ కాగింది."

"గందుకే ఈడ చప్పబడ్డది" అన్నాడు ఆయన. తర్వాత దాన్ని గోనెసంచిలో చుట్టకుండా, గోడకు మేకు కొట్టి తగిలించాడు.