నీళ్లు అడగని పువ్వు

యలహంకలో మేం అద్దెకుంటున్న ఇంటి మిద్దె మీద రోజంతా ఎండ పడే మూల ఒక్కటే. అక్కడే ఎడారి బంతి వేశాను. బూడిదరంగు నూగాకులు, పసుపుపచ్చ పూలు. ఇసుక, కంకర కలిపిన మట్టిలో విత్తి దాని మానాన దాన్ని వదిలేస్తే చాలు.

వదిలేయనిస్తేగా! కింద ఉండే ఓనరమ్మ బియ్యం కడిగిన నీళ్లు పారబోయరు. చెంబుతో పైకి తెచ్చి ఎండినట్టున్న ప్రతి కుండీలోనూ పోస్తారు. పోయినేడు నా పదకొండు మొలకలూ అలాగే కుళ్లిపోయాయి. పదకొండూ!

"పాపం, దప్పికతో ఉండాయని పోస్తినప్పా," అన్నారు.

మూడు వారాలు ఆవిడ పంపిన సాంబారు ముట్టలేదు. మా ఆవిడ మాత్రం లొట్టలేసుకుంటూ తింది. అదీ గుర్తుంది.

ఈ చలికాలం మళ్లీ వేశాను. నీళ్లు పోయవద్దని అట్టముక్క మీద రాసి కుండీలో గుచ్చాను. ఆవిడ చదివి నడుం మీద చేతులు పెట్టుకున్నారు.

"సండిగె పెట్టే కాలం వస్తా ఉండాది. నా వడియాలకు ఆ మూలే కావల్ల. అంతలోపల పూస్తే మూల నీది. పూయకపోతే ఆ గడ్డి ఎత్తెయ్."

గడ్డి! సరే, కానీండి అన్నాను.

మాఘమాసంలో ఒక మొగ్గ కనిపించింది. ఆఫీసు మీటింగుల మధ్య మిద్దెకు పరిగెత్తేవాణ్ని. శనివారం సాయంత్రానికి పసుపు తొంగిచూసింది. ఆదివారం తెల్లారి రెండేసి మెట్లెక్కి వెళ్తే కాడ ఉంది, పువ్వు లేదు!

దడదడా కిందికి దిగాను. ఓనరమ్మ దేవుడి పటం మీద, మిలమిలలాడుతూ, నా పువ్వు.

"నా పువ్వు కోసేశారా ఆంటీ!"

"మొదటి పువ్వు దేవునికి పెట్టకుంటే ఎట్లప్పా?"

"అయితే పూసిందని ఒప్పుకున్నట్టేగా?"

ఆవిడ పటం వైపు చూసి లెంపలేసుకున్నారు. నాకు నవ్వు ఆగలేదు. గుమ్మంలోనే గంతేశాను. మా ఆవిడ పైనుంచి ఏమైందని కేకేసింది.

మధ్యాహ్నం ఓనరమ్మ చాప, సగ్గుబియ్యం గంజి గిన్నె పట్టుకుని మిద్దెకు వచ్చారు. కుండీ వైపు చూడకుండా వెళ్లి నీళ్ల ట్యాంకు పక్కన సగం నీడలో చాప పరిచారు. విజయగర్వంతో ఒళ్లు తేలిపోతుంటే, నేనే చాప అంచుల మీద రాళ్లు పెట్టాను.

పువ్వును చెట్టున చూడనివ్వలేదన్న కోపం మాత్రం అలాగే ఉంది.