మీరేమిట్లు?

నా పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరు గూడా "అంటే మీరు..." అని సగంలో ఆపి నా నుదుటి పక్క చూస్తారు, బొట్టు ఉండాదా లేదా అని. ఆ సగం మాట వినీ వినీ నాకు రోత పుట్టింది. మా పక్క కులం అడగాలంటే "మీరేమిట్లు?" అంటారు. అది మొహం మీద అడిగే మాట. నచ్చితే జవాబు చెప్పొచ్చు, నచ్చకుంటే "నీకెందుకు" అని నాలుగు తిట్టి రావొచ్చు. "అంటే మీరు..." అనేదానికి ఏం చెప్పినా లాభం లేదు. అవతలి మనిషి అప్పటికే లోపల ఒక లెక్క కట్టేసుకొని ఉంటాది.

మాది పుంగనూరు దగ్గర ఒక మెట్ట పల్లె. గొర్లు, ఆవులు మేపుకొని బతికేవాళ్లం. నాకు ముందు పుట్టిన బిడ్డలు పురిట్లోనే పోతే, మా అమ్మ తిరగని గుడి లేదు, కట్టని ముడుపు లేదు. ఆఖరికి పక్కూరి దర్గాకు పోయి, ఈ బిడ్డ నిలిస్తే నీ పేరే పెట్టుకుంటా సామీ అని మొక్కుకొనింది. నేను నిలిచినాను. ఆ సామి పేరుకు "అమ్మ" తగిలించి నాకు పెట్టినారు. మా సీమలో ఇట్లాంటి పేర్లు ఊరూరా ఉంటాయి, ఎవురూ వింతగా చూడరు. నేను ఎప్పుడైనా అడిగితే మా అమ్మ, "బిడ్డనిచ్చినాయన ఏ దేవుడైతే నీకేమే, దండం పెట్టుకో" అనేది. ఏటా ఆ దర్గా ఉరుసుకు, చక్కెర మీద ఫాతిహా చదివించేదానికి ఇంటిల్లిపాదీ పోయేవాళ్లం.

చిక్కంతా బళ్లో వచ్చింది. నన్ను చేర్చుకున్న అయ్యవారు వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చినాయన. పేరు విని మేము సాయిబులమనుకొని, "అమ్మ" తీసేసి వెనకాల "బీ" అని రాసుకున్నాడు. మా నాయనకు చదువు రాదు. వేలిముద్ర వేసి, కూతురు బళ్లో చేరిందని సంబరంగా గొర్ల దగ్గరికి పోయినాడు. ఆ "బీ" టెన్త్ సర్టిఫికెట్లోకి ఎక్కి కూర్చునింది, ఇంక దిగలేదు.

తొంభైల్లో మదనపల్లెలో డిగ్రీలో చేరినాను. మొదటి రోజు తెలుగు క్లాసులో లెక్చరర్ హాజరు పిలుస్తా నా పేరు దగ్గర ఆగి, "ఉర్దూ క్లాసు ఆ చివరి గదమ్మా" అన్నాడు. కాదు సార్ అనబోతే, "పోమ్మా, ఆలస్యమైతాది" అని తలుపు చూపించినాడు. పల్లె నుంచి వచ్చిందాన్ని, ఎదురు చెప్పే ధైర్యం యాడిది? పోయినాను. ఆ గదిలో ఒక పిల్ల బెంచీ మీద జరిగి చోటిచ్చింది. బోర్డు మీద రాసింది చూసి నేను నోరు తెరుచుకొని కూర్చుంటే, "నీకు మొదటి అక్షరం అలిఫ్ గూడా రాదా?" అని గుసగుసగా అడిగింది. సంగతి చెప్పేసరికి నోటికి చున్నీ అడ్డం పెట్టుకొని క్లాసు అయ్యేదాకా నవ్వింది. నాకంటే ఏడాది చిన్నది. ఆ పొద్దు నుంచి నన్ను అక్కా అనే పిలిచింది. ఇంట్లో దాన్ని పిలిచే ముద్దుపేరు మా పల్లెలో సగం ఇళ్లల్లో ఉండే పేరే. "నీ పేరు నాకు, నా పేరు నీకు ఉండాల్సింది" అని ఎగతాళి చేసుకునేవాళ్లం. అప్పుడు అది మాకు నవ్వులాట.

కొన్నేళ్లకు ఇద్దరం కుప్పంలో ఒకే ప్రైవేటు బళ్లో టీచర్లమైనాం. దానికి పుంగనూరులో పెళ్లైంది. మొగుడు లారీ డ్రైవరు, ఇంట్లో కనబడితే గొప్ప. రోజూ పుంగనూరులో బస్సెక్కి, పలమనేరులో దిగి, ఇంకో బస్సు పట్టుకొని కుప్పం వచ్చేది. మొదటిసారి కడుపు నిలవలేదు. రెండోసారి నెల తప్పినాక డాక్టరమ్మ ఖరాఖండిగా చెప్పేసింది, ఈ బిడ్డ దక్కాలంటే బస్సు మానాల అని. ఉద్యోగం మానేదానికి దానికి మనసొప్పలేదు. ఆ ఇంట్లో గడప దాటి సంపాదించిన మొదటి కోడలు అదే, అందర్నీ బతిమాలి, కొట్లాడి తెచ్చుకున్న ఉద్యోగం. బిడ్డా కావాల, ఉద్యోగమూ కావాల అంటే కుప్పంలో ఇల్లుండాల. నేనుండేది అంగడి మీద ఒంటి గది, నిటారు మెట్లు, మంచం వేస్తే నడిచేదానికి తావుండదు. ఇద్దరం కలిసి ఒక ఇల్లు బాడుగకు తీసుకుందామనుకున్నాం.

ముందు దాని అత్తను ఒప్పించాల. పుంగనూరు పోయినాను. ఆ అత్త తమలపాకు నములుతా నన్ను కిందికీ పైకీ చూసి, "దేవుని పటాలుండే ఇంట్లో నా కోడలు నమాజు యాడ చేసుకుంటాది?" అనింది.

"పటాలు నా గదిలో ఉంటాయమ్మా. దాని గదిలో గోడకు మేకు గూడా కొట్టను."

"మీ పండగలకు దీన్ని గూడా పూజలో కూర్చోబెడతావా?"

"పాయసం పెడతాను. పూజకు ఇది పనికిరాదు, మధ్యలో నవ్వుతాది."

ఆయమ్మకు నవ్వొచ్చింది. "సరే, పోండి. బిడ్డ జాగర్త" అనింది. మనసులో ఉండేది అడిగింది, నేను చెప్పినాను, అయిపోయింది. ఇంత తేలికైన పనిని చదువుకున్నోళ్లంతా యాల ఇంత కష్టం చేసుకుంటారో నాకు ఈనాటికీ అర్థం కాదు.

కుప్పంలో టు-లెట్ బోర్డుల మీద నంబర్లు చూసి నేను ఫోన్లు చేసినాను. అందరూ బాగా మాట్లాడతారు. నీళ్లు బాగా వస్తాయంటారు, బాడుగ చెప్తారు, "నీ పేరేమ్మా?" అంటారు. సర్టిఫికెట్లోకి ఎక్కిన పేరే చెప్తాను. వెంటనే, "అయ్యో, పొద్దున్నే ఎవురో అడ్వాన్సు ఇచ్చిపోయినారే" అంటారు. మరుసటి దినం పోయి చూస్తే బోర్డు అట్లే వేలాడతాంటాది. నాకు తిక్క రేగింది. "నువ్వు చెయ్యి మే, నీ ముద్దుపేరు చెప్పు" అని ఫోన్ దాని చేతికిచ్చినాను. నన్ను లేదు పొమ్మన్న ఇంటికే చేసింది. బళ్లో టీచర్నని, పేరు ఫలానా అని చెప్పింది. నాకు అడ్వాన్సు కథ చెప్పిన ఇంటామె, "సాయంత్రం వచ్చి సూసుకోండమ్మా, మంచోళ్లకే ఇయ్యాలని ఖాళీగా పెట్టుకోనుండాం" అనింది.

పోయినాం. అది బురఖాలో, ఆరో నెల పొట్టతో. నేను చీర, బొట్టు, తల్లో పూలు. ఇంటామె మా ఇద్దర్నీ చూసి నేరుగా నా చెయ్యి పట్టుకొని, "ఫోన్ చేసింది నువ్వేనా పాపా?" అనింది. "కాదమ్మా, ఈ అమ్మాయి" అన్నాను. మొహంలో నవ్వు ఆరిపోయింది. నాకు మాత్రం కుర్చీ చూపించింది. కడుపుతో ఉండే మనిషి గోడకానుకొని నిలబడే ఉండాది. నేను గూడా కూర్చోలేదు.

"మీరేమిట్లు?" అని నన్నడిగింది. గొర్లు మేపేవాళ్లమని చెప్పినాను.

"నీకైతే ఇస్తాను పాపా. ఆయమ్మకు ఆ పక్క వీధిలో వాళ్లోళ్లు ఉండారు కదా, ఆడ దొరుకుతాది. నాకేం భేదాలు లేవు. మా ఆయప్పకే కొంచెం పట్టింపు."

ఆయప్ప, ఆమె మొగుడు, వరండాలో పేపరు చదువుకుంటా ఉండాడు. తన పట్టింపు సంగతి విని గూడా తలెత్తలేదు. "వాళ్లు మాంసం వండుతారు, మాకు ఆ వాసన పడదు" అని ఇంటామె ఇంకో మాట చేర్చింది. లోపల పొయ్యి మీద వాళ్ల కోడికూర కుతకుతలాడతా ఉండాది. ఆ మసాలాకు నాకే నోరూరతాంటే, ఇంక ఈమెకు పడని వాసన ఏదో ఆ దేవునికే తెలియాల.

"నా పేరు అడగలేదే మీరు" అని నేనే చెప్పినాను. "బీ"తో సహా చెప్పినాను. ఆమెకు దిక్కు తోచలేదు. బొట్టు చూసింది, పూలు చూసింది, "అంటే మీరు..." అనింది. మొక్కు సంగతి చెప్పేసరికి పోయిన ప్రాణం లేచొచ్చినట్లు నవ్వి, "మొక్కుబడి పేరా! అట్ల చెప్పు. మా మనవడికి జరం తగ్గకుంటే మేము గూడా దర్గాకే పోయినాం, సూడు" అని ఆడ ఆడుకునే బిడ్డను లాగి, మెళ్లో తాయెత్తు చూపించింది.

అది చూసినాక నా నోరు నా మాట వినలేదు. "ఆ తాయెత్తు కట్టింది ఎవురమ్మా? వీళ్లోళ్లే కదా. అది మీ మనవడి రొమ్ము మీద పండుకుంటే మీకు మంచి జరుగుతాది, ఈ మనిషి మీ గోడకవతల చాప వేసుకొని పండుకుంటే మీ ఇల్లు మైలపడుతాదా? కడుపుతో ఉండే ఆడమనిషిని ఇంతసేపు నిలబెట్టి మాట్లాడతాండారే, మీ ఇంట్లో ఆడబిడ్డలు లేరా?" అని అరిచినాను. వీధిలో పోయేవాళ్లు ఆగి చూసినారు. అప్పుడు తలెత్తినాడు పెద్దాయన. "గొంతు తగ్గించమ్మా, ఇది మర్యాదస్తుల వీధి" అన్నాడు.

"పదక్కా, నాకు కాళ్లు లాగుతాండాయి" అని అది నా చెయ్యి పట్టి బయటికి తెచ్చింది. వీధి మలుపులో ఒక అరుగు మీద కూర్చోబెడితే, కాసేపు ఊపిరి తీసుకొని, "నువ్వు ఆ ఇల్లు తీసుకో అక్కా, నీళ్లు బాగా వస్తాయంట" అనింది. నాకు దాని మీద గూడా కోపం వచ్చింది. ఇంతగా అలవాటు పడిపోయిందా ఇది, ఏడవాలని గూడా అనిపించలేదా అని.

ఇంటామె చెప్పిన ఆ పక్క వీధికి గూడా పోయినాం. ఖాళీ ఇల్లు లేదు. అది ఇంకొన్నాళ్లు అట్లే బస్సుల్లో వచ్చింది. ఒక పొద్దు పలమనేరు బస్టాండులో నొప్పితో కూలబడితే, దారిన పోయే ఆడోళ్లు ఆటోలో ఆస్పత్రికి చేర్చినారు. కడుపులో బిడ్డ దక్కింది. ఉద్యోగం మాత్రం అది మానేసింది. అది చదువు చెప్పే క్లాసు గూడా నాకే ఇచ్చినారు.

ఆ ఏడు ఆగస్టు పదిహేనుకు బళ్లో ఎప్పటి మాదిరే ఒక పిల్లోడికి నామం పెట్టి, ఒకడికి టోపీ పెట్టి, ఒకడి మెళ్లో శిలువ వేసి, చేతులు పట్టించి స్టేజీ మీద నిలబెట్టినారు. మనమంతా ఒకటే అని పాడించినారు. తల్లిదండ్రులు అరచేతులు ఎర్రబడేటట్లు చప్పట్లు కొట్టినారు. నేను మైకు పక్కన నిలబడి ఆ మొహాలన్నీ చూసినాను. ఫోన్లో నాకు ఇల్లు లేదన్న గొంతులు వీటిలో ఎన్నుండాయో, ఎట్లా తెలుస్తాది? పిల్లోళ్లకు టోపీలు కుట్టించేదానికి ముందుండే జనం, ఆ టోపీవాళ్ల తల్లికి ఒక గది ఇయ్యమంటే మొగుడి పట్టింపులు చెప్తారు. ఆ పొద్దు మిఠాయి పొట్లం నేను తీసుకోలేదు.

కాన్పైనాక పుంగనూరు పోయినాను. ఆడబిడ్డ, బొద్దుగా ఉండాది. దాని అత్త బిడ్డను నా ఒళ్లో పెట్టి టీ పెట్టేదానికి లోపలికి పోయింది. పేరు పెట్టినారా అని దాన్ని అడిగినాను. చెప్పింది. హిందువుల ఇంట్లో, సాయిబుల ఇంట్లో, కిరస్తానం వాళ్లింట్లో యాడైనా ఉండే పేరు. రెండక్షరాలు, వింటే ఏమిట్లో చెప్పలేం. అత్త తన తల్లి పేరు పెట్టాలని ఎంతో ఆశ పడిందంట, బిడ్డ తల్లే పట్టుబట్టి మార్పించిందంట.

"ముద్దుగా ఉండాది మే. అయినా పెద్దామె పేరు వద్దని ఇదే యాల పెట్టినావు?" అన్నాను.

అది నా ఒళ్లో బిడ్డ మూతి తుడుస్తా, నా పక్క చూడకుండా చెప్పింది.

"రేపు ఇది గూడా పెద్దదై ఇల్లు వెతుక్కుంటాది కదక్కా. ఫోన్లో చెప్పేదానికి ఈ పేరైతే బాగుంటాది."