అమ్మకు చెప్పని జబ్బు

దయ్యాలు, పూనకాలు అంటే నాకు ఒళ్లుమంట. చైతన్యపురిలో పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకునేదాన్ని. దిష్టి తీస్తానని వస్తే అమ్మనే కసిరేదాన్ని. ఇది చదివి మీరు నవ్వినా నాకు కోపం రాదు, నేనైనా నవ్వేదాన్నే.

అమ్మకు మెడ దగ్గర గడ్డలు లేచాయి. క్యాన్సర్ అన్నారు. ఆ మాట వింటే ఆమె గుండె ఆగిపోతుందని మా అన్న టీబీ అని చెప్పాడు. అందరం అదే మాట మీద ఉన్నాం. అమ్మకు ఇంగ్లిష్ అక్షరం ముక్క రాదు. అయినా ఎవరితోనైనా చదివిస్తుందేమోనని అన్న, వైద్యం పూర్తయ్యాక ఇచ్చిన ఆసుపత్రి కాగితాలన్నీ సరూర్‌నగర్‌లో మా ఇంటికి చేరకముందే, దారిలోనే చించి పారేశాడు.

కొన్నాళ్లకు జబ్బు తిరగబెట్టింది. ఈసారి ఎల్బీనగర్‌లో వేరే ఆసుపత్రిలో చేర్చాం. డాక్టర్ గారిది గుంటూరు వైపు.

"ఈ జబ్బుకు ఎక్కించే ఎర్ర మందు ఇదివరకు ఎంత ఇచ్చారండీ? పరిమితి దాటితే గుండె దెబ్బతింటుంది. అది తెలియకుండా నేనెలా ఇస్తాను?" అన్నారు.

పాత ఆసుపత్రికి పోతే ఫైలు దొరకడం లేదన్నారు. "ఎంత పని జేస్తిని నేను" అని అన్న వార్డులోనే ఏడ్చాడు.

మధ్యాహ్నం డాక్టర్ గారు చూడటానికి వచ్చేసరికి అమ్మ జ్వరంతో మగతలో ఉంది. కళ్లు మూసుకునే మాట్లాడటం మొదలుపెట్టింది. ఇంగ్లిష్‌లో! గొంతు అమ్మదే. మందు పేరు, ఒక్కోసారి ఎక్కించిన మోతాదు, వరుసగా, కాగితం చూసి చదివినట్టు. డాక్టర్ గారు గబగబా రాసుకున్నారు. కూడితే పరిమితి అంచుకు వచ్చింది.

చివర్న ఇంకో వాక్యం చదివింది. జబ్బు సంగతి రోగికి చెప్పవద్దని కొడుకు కోరాడని దాని అర్థం.

అన్న మంచం పక్కనే కూలబడ్డాడు.

డాక్టర్ గారు ఆ మాటలు నమ్మానని అనలేదు గానీ, ఆ మందు జోలికి మాత్రం పోలేదు. వేరేది మొదలుపెట్టారు.

సాయంత్రం అమ్మకు తెలివి వచ్చింది. అన్న ఆమె చెయ్యి పట్టుకుని, "అమ్మా, నీకున్నది టీబీ గాదే..." అన్నాడు.

"జర నీళ్లియ్యి బిడ్డా" అంది. తాగి, గోడవైపు తిరిగి పడుకుంది. మళ్లీ చెప్పే ధైర్యం మాకు రాలేదు.

ఆమె పోయాక పాత ఫైలు దొరికింది. అమ్మ చెప్పిన మోతాదులన్నీ దాంతో సరిపోయాయి. ఆ చివరి వాక్యమూ ఉంది.

అది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అంతకన్నా, అమ్మ అంతా తెలిసే మా కోసం తెలియనట్టు ఉందేమో అన్న ఆలోచనే నన్ను వదలడం లేదు. ఆ సాయంత్రం దాహమేసి నీళ్లడిగిందా, అన్నను చెప్పనివ్వకూడదని అడిగిందా? అడుగుదామంటే మనిషి లేదు.